స్టెంట్ వేశాక బరువు తగ్గాలంటే ఏం తినాలి, ఎంత నడవాలి?

ప్రశ్న: నా వయసు 54 ఏళ్లు, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. నాలుగు నెలల క్రితం ఛాతీ నొప్పి రావడంతో యాంజియోగ్రామ్ చేసి ఒక స్టెంట్ వేశారు. ఎకోలో గుండె పంపింగ్ 50 శాతం ఉందన్నారు. షుగర్, బీపీ కూడా ఉన్నాయి. బరువు తగ్గమన్నారు గానీ ఎలాగో వివరంగా చెప్పలేదు. నడకకు వెళతానంటే మా ఆవిడ భయపడుతోంది. అన్నం పూర్తిగా మానేసి నెయ్యి, మాంసం తింటూ నెలలో 8 కిలోలు తగ్గానని మా తోడల్లుడు చెబుతున్నాడు. నేనూ అలా చేయవచ్చా? బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడవచ్చా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ముందుగా మీ శ్రీమతి భయం సంగతి చూద్దాం. పంపింగ్ 50 శాతం అనగానే సగం గుండె పనిచేయడం లేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా తనలోని రక్తంలో కొట్టుకున్న ప్రతిసారీ 55 నుంచి 70 శాతం వరకే బయటికి పంపుతుంది కాబట్టి, మీది మామూలు కంటే కాస్త తక్కువ, అంతే. మీ వివరాల్లో నడకకు అడ్డుపడేదేమీ నాకు కనిపించడం లేదు. అయితే మొదలుపెట్టే ముందు మీ కార్డియాలజిస్టును కలిసి, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమో కాదో అడిగి, ఆయన అనుమతితోనే వేగం పెంచండి.

మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు సూచిక, 32.6. మన దేశంలో 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా లెక్కిస్తారు. దీనికంటే నేను నడుము కొలతకు ఎక్కువ విలువ ఇస్తాను. మగవారిలో అది 90 సెంటీమీటర్లు దాటిందంటే కొవ్వు పొట్ట లోపలి అవయవాల చుట్టూ చేరిందని అనుమానించాలి, గుండెకూ షుగర్‌కూ ఎక్కువ చేటు చేసేది ఆ కొవ్వే. అలాగని బీఎంఐ 23కు రావడానికి 65 కిలోలకు దిగిపోవాలని లక్ష్యం పెట్టుకోకండి. ఆరు నెలల్లో 5 నుంచి 9 కిలోలు తగ్గినా బీపీ, షుగర్, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు స్పష్టంగా మెరుగవుతాయి.

మీ తోడల్లుడి పద్ధతి మీకు వద్దు. అన్నం మానేసిన మొదటి వారాల్లో తగ్గే బరువులో చాలా భాగం నీరే. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఖర్చయిపోతూ తనతోపాటు పట్టి ఉంచిన నీటినీ బయటికి పంపేస్తుంది. స్టెంట్ వేసినవారిలో చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 70 లోపు, వీలైతే 55 లోపు ఉండాలని మేము చూస్తుంటే, నెయ్యి, కొవ్వు మాంసం ధారాళంగా తినేవారిలో అది ఎదురు పెరుగుతుంది. ఇంకో ప్రమాదం మీ మందుల చీటీలో ఉండవచ్చు. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడుతూ పిండి పదార్థాలు పూర్తిగా మానేస్తే, షుగర్ పెద్దగా పెరగకుండానే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు రక్తంలో ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడేవారికి షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరగవచ్చు. మీ తోడల్లుడికి ఈ మందులేవీ లేకపోవచ్చు.

బరువు విషయంలో నేను ముందు అడిగేది నూనె గురించి. ప్యాకెట్ విప్పిన రోజున దాని మీదే పెన్నుతో తేదీ వేయమని మా ఓపీకి వచ్చేవారికి చెబుతుంటాను. "మేం నూనె చాలా తక్కువండీ" అన్నవారి ఇంట్లోనే లీటరు ప్యాకెట్ వారం తిరగకుండా అయిపోయిన సందర్భాలు ఉన్నాయి. ముగ్గురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు వాడుతున్నారనుకుందాం. మనిషికి రోజుకు దాదాపు 40 గ్రాములు, అంటే 360 కేలరీలు. అదే మనిషికి నెలకు అర లీటరుకు తెస్తే రోజుకు సుమారు 220 కేలరీలు తగ్గుతాయి. మీ బరువున్న మనిషి మామూలు వేగంతో అరగంట నడిస్తే ఖర్చయ్యేది 150 కేలరీల ప్రాంతంలోనే కాబట్టి, తూకం తగ్గించే పని ప్రధానంగా వంటింట్లోనే జరగాలి. బజ్జీలు వేయించిన నూనెను మర్నాటి తాలింపుకు దాచే అలవాటుంటే దాన్నీ మానేయండి.

అన్నం మానక్కర్లేదు, కొలవాలి. పూటకు ఒక కప్పు అన్నం, దానికి రెట్టింపు కూర, గట్టి పప్పు, మీగడ తీసిన పెరుగు సరిపోతాయి. రాత్రి అన్నానికి బదులు నూనె రాసి కాల్చిన చపాతీలు నాలుగు తింటే ఒరిగేదేమీ లేదు. జొన్నలు, రాగులు కూడా బియ్యంతో దాదాపు సమానంగా 100 గ్రాములకు 320 నుంచి 360 కేలరీలు ఇచ్చేవే. పీచు ఎక్కువ కాబట్టి మంచివే గానీ, జొన్నరొట్టె కదా అని నాలుగు లాగించకూడదు. మీరు గోదావరి జిల్లావారు, చేపను వేపుడుగా కాకుండా తక్కువ నూనెతో పులుసుగా వారానికి రెండుసార్లు నిశ్చింతగా తినండి.

ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటకూడదు. కూరలో తగ్గించి ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు యథాప్రకారం కానిస్తే ఈ లెక్క కుదరదు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ మందులు వాడేవారు, కిడ్నీ సమస్య ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా దాన్ని వాడకూడదు.

ఇక నడక. దాన్ని గుండె కోసం, షుగర్ కోసం, తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా ఉండడం కోసం చేయాలి. చదునైన నేల మీద ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ రోజుకు 30 నుంచి 40 నిమిషాలకు, వారంలో కనీసం 150 నిమిషాలకు చేరుకోండి. మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు నెమ్మదిగా నడవాలి. మీరు మెటోప్రొలాల్ లాంటి మాత్ర వాడుతుంటే నాడి పెద్దగా పెరగదు కాబట్టి వాచీలో కనిపించే అంకెను నమ్ముకోకండి. పక్కనున్నవారితో మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత వేగం చాలు. భోజనం చేసిన గంటన్నర లోపు, ఎండాకాలంలో పొద్దెక్కాక వేగంగా నడవకండి. షుగర్ పడిపోతే వేసుకోవడానికి జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలు పెట్టుకోండి. రెండు నెలల తర్వాత నీళ్లు నింపిన అర లీటరు సీసాలతో చేతుల వ్యాయామం కలపవచ్చు, అయితే ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తడం, శీర్షాసనం మీకు పనికిరావు.

నడుస్తుండగా ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే వెంటనే ఆగి కూర్చుని, డాక్టర్ రాసి ఇచ్చిన సార్బిట్రేట్ మాత్రను నాలుక కింద పెట్టుకోండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగుతూ ఇంట్లోనే గంటలు గడిపి ఆలస్యంగా వచ్చేవారిని నేను ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

ఇంజెక్షన్ల విషయానికి వస్తే, గుండెజబ్బు, అధిక బరువు ఉండి షుగర్ లేని 17,600 మందికి పైగా వ్యక్తులపై జరిగిన అధ్యయనంలో సెమాగ్లుటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలను కలిపి చూస్తే 20 శాతం తగ్గించినట్టు 2023లో వెల్లడైంది. షుగర్ ఉన్నవారిలోనూ ఈ తరగతి మందులు గుండెకు మేలు చేస్తాయని వేరే అధ్యయనాల్లో తేలింది. కాబట్టి మీకు పనికిరావచ్చు. కానీ వాంతులు, వికారం ఉంటాయి, షుగర్ మందుల మోతాదు మార్చవలసి రావచ్చు, మానేస్తే బరువు తిరిగి వస్తుంది. మూడు నెలలు ఆహారం, నడక సరిచేసుకున్నాక మీ డాక్టర్‌తో కూర్చుని నిర్ణయించుకోండి. అప్పుడు మీ శ్రీమతిని కూడా వెంట తీసుకువెళ్లండి. మీరు రాత్రి గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందా అన్నది ఆవిడే చెప్పగలరు. అలా అవుతుంటే నిద్ర పరీక్ష చేయించాలి.

ఎంత బాగా అనిపించినా, బరువు ఎంత తగ్గినా, స్టెంట్ కోసం ఇచ్చిన రక్తం పలచబరిచే మాత్రలను, కొలెస్ట్రాల్ మాత్రను సొంతంగా ఆపకండి. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగి, పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా అది కొవ్వు కాదు, ఒంట్లో చేరిన నీరు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.