రేసు ఇంజిన్లు కడతానంటున్నాడు, పంపమంటారా?

ప్రశ్న: మాది పాలకొల్లు. మా అబ్బాయి డిప్లొమా మెకానికల్ ఆఖరి ఏడు. సెలవులొస్తే భీమవరంలో వాళ్ల మావయ్య ఇంజిన్ షాపులోనే ఉంటాడు. రేసు కార్ల ఇంజిన్లు కట్టడం నేర్చుకుంటానంటున్నాడు. మొన్న ఒక్క ఇంజిన్‌కి బేరింగుల గ్యాపు కొలుస్తూ రెండు రోజులు కూర్చున్నాడని మావయ్య విసుక్కున్నారు. ఇది బతుకుతెరువు అవుతుందా? బీటెక్‌లో చేర్చాలా? — ఒక తండ్రి

జవాబు: ముందు ఆ రెండు రోజుల సంగతి మాట్లాడుకుందామండీ. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే.

మావయ్య గారి విసుగులోనూ న్యాయముంది. చేపల చెరువు మీద నీళ్లు తోడే డీజిల్ ఇంజిను నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే చాలు. క్రాంకుకి (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) కొత్త షెల్ బేరింగులు (దాన్ని రెండు సగాలుగా చుట్టి పట్టే పలచటి లోహపు రేకులు) వేసి బిగించాక తిప్పి చూస్తే బాగోగులు ఆయన చేతికే తెలిసిపోతాయి. రేసు ఇంజిను 8 వేలు, 10 వేలు తిరుగుతుంది. అక్కడ కొలతే దిక్కు.

క్రాంకు మీద బేరింగులో తిరిగే నున్నటి గుండ్రటి భాగాన్ని జర్నల్ అంటారు. దాని అడ్డు కొలతలో (వ్యాసంలో) వెయ్యో వంతు గ్యాపు వదలాలన్నది పాత లెక్క. 45 మి.మీ. పిన్‌కి (కనెక్టింగ్ రాడ్ తగిలించే జర్నల్) 0.045 మి.మీ. అన్నమాట. రేసుకైతే ఇంకో 0.01 మి.మీ. దాకా ఎక్కువ వదలడం మామూలే. ఆ వేగంలో క్రాంకు కాస్త వంగుతుంది, వేడిని లాక్కుపోవడానికి ఆయిలూ ఎక్కువ పారాలి. గ్యాపు మరీ తక్కువైతే ఆయిలు వేడెక్కి పలచబడి బేరింగు పట్టేస్తుంది. మరీ ఎక్కువైతే ఆయిలు పక్కలకు కారిపోయి ప్రెషర్ పడిపోతుంది. అందుకే ఏ ఆయిలు పోస్తారో తేలకుండా గ్యాపు తేల్చకూడదు. అల్యూమినియం బ్లాకైతే మరో చిక్కు. వేడికి అది ఉక్కు క్రాంకు కన్నా ఎక్కువ పెరుగుతుంది కాబట్టి మెయిన్ బేరింగులు (క్రాంకును బ్లాకులో పట్టి ఉంచేవి) చల్లగా ఉన్నప్పుడు కాస్త బిగువుగా పెట్టుకోవాలి.

షెల్స్ వేసి, బేరింగు మూత (క్యాపు) బోల్టులు పూర్తి టార్కుకు (నిర్ణయించిన బిగింపు బలానికి) బిగించాకే లోపలి కొలత తియ్యాలి. జర్నల్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ కొలత మీదే బోర్ గేజ్‌ని (లోపలి వ్యాసం కొలిచే సాధనం) సున్నా చేసుకుంటే, బేరింగులో పెట్టినప్పుడు గేజ్ చూపించేదే గ్యాపు. షెల్ అతుకు దగ్గర పలచగా, మధ్యలో మందంగా ఉంటుంది కనుక అతుకుకు నిలువుగా చూడాలి. క్రాంకు, బ్లాకు, మైక్రోమీటర్ రాత్రంతా ఒకే గదిలో ఉండాలి. 15 డిగ్రీలు వేడెక్కితే 45 మి.మీ. ఉక్కు పిన్ దాదాపు 0.008 మి.మీ. లావవుతుంది. రేసు కోసం అదనంగా వదిలిందంతా ఇంచుమించు అందులోనే పోతుంది! మామూలు నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఐదు మెయిన్లు, నాలుగు పిన్లు. కుదరని చోట షెల్ మార్చి, మళ్లీ బిగించి, మళ్లీ కొలవాలి. రెండు రోజులు ఎక్కువేం కాదు.

ఇక బతుకుతెరువు. రేసు ఇంజిన్లే కట్టి బతికేవాళ్లు మన దేశంలో కొద్దిమందే. ఆ పని ఎక్కువగా ట్రాకులున్న కోయంబత్తూరు, చెన్నై చుట్టూ ఉంది, కాబట్టి ఇల్లు వదలక తప్పదు. అయితే ఇంత ఓపికగా కొలిచే కుర్రాడికి ఇంజిన్ టెస్టింగ్‌లో, వాహన కంపెనీల క్వాలిటీ విభాగాల్లో, విమాన ఇంజిన్ల ఓవర్‌హాల్‌లో కూడా చోటుంటుంది. నా మాటగా బీటెక్ చేయించండి. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాస్తే నేరుగా రెండో ఏడులో చేరొచ్చు. ఫార్ములా భారత్, సుప్రా లాంటి పోటీలకు కారు కట్టే విద్యార్థుల టీమ్ ఉన్న కాలేజీ చూడండి. పేరు కన్నా అదే ముఖ్యం.

ఈ సెలవుల్లో 0.001 మి.మీ. దాకా చదివే 25–50 మి.మీ. మైక్రోమీటర్ ఒకటి కొనిపెట్టండి. చిన్న కార్ల క్రాంకు పిన్లు చాలావరకు ఆ సైజులోనే ఉంటాయి. కొలిచిన ప్రతి క్రాంకు వివరాలు నోట్‌బుక్‌లో రాయమనండి: తేదీ, గది వేడి, ఒక్కో జర్నల్ కొలత, షెల్ సైజు, టార్కు, పోసిన ఆయిలు. రేపు ఏ రేసు టీమ్ దగ్గరకైనా ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే మార్కుల లిస్టు కన్నా ముందు ఆ నోట్‌బుక్ చూపించమనండి.