పిల్లల వార్డు పోస్టింగ్: తల్లిదండ్రులు విద్యార్థులను దగ్గరకు రానివ్వకపోతే ఎలా నేర్చుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బీఎస్సీ నర్సింగ్ ఐదో సెమిస్టరులో ఉన్నారు, వచ్చే వారం నుంచి పిల్లల వార్డు పోస్టింగ్ మొదలవుతుంది, పసిబిడ్డను పట్టుకోవాలంటేనే చేతులు వణుకుతున్నాయి, పైగా మీ సీనియర్లకు కొందరు తల్లులు "స్టూడెంట్లు మా పాపను ముట్టుకోవద్దు" అని ముఖం మీదే చెప్పారట. నేను రాయలసీమలోని ఒక జిల్లా ఆసుపత్రిలో ఇదే పోస్టింగ్ చేశాను, ఆ తర్వాత కొన్నేళ్లు పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా ఉన్నాను, ఇప్పుడు విద్యార్థులను వార్డుకు తీసుకువెళ్లే పని నాదే. కాబట్టి మీ భయం నాకు తెలిసినదే.

ముందు ఆ తల్లుల సంగతి. వద్దనే హక్కు వాళ్లకు ఉంది, దానిని మనం అవమానంగా తీసుకోనక్కరలేదు. ఉదయం నుంచి బిడ్డకు రెండు చేతులకూ సూది గుచ్చి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) పెట్టడానికి నరం దొరకక మూడోసారి ప్రయత్నించిన తర్వాత, పుస్తకం పట్టుకుని వచ్చిన కొత్త ముఖాన్ని చూస్తే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. విద్యార్థినని దాచకుండా పేరు చెప్పి, ఏం చేయబోతున్నారో చెప్పి, "మీ ఒడిలోనే ఉంచుకోండమ్మా, నేను ఊపిరి లెక్కపెట్టుకుంటాను, ఇప్పుడైతే ముట్టుకోను" అనండి. మొదటి రోజు అంతకు మించి అడగవద్దు. మధ్యాహ్నానికి ఆమే "కాస్త పాపను చూస్తూ ఉండండి, మందులు తెచ్చుకొస్తాను" అంటుంది. నా అనుభవంలో పది మందిలో ఎనిమిది మంది ఇలాగే మెత్తబడ్డారు. మిగిలిన ఇద్దరినీ వదిలేశాను, దాని వల్ల నా చదువుకు వచ్చిన నష్టమేమీ లేదు.

ముట్టుకోకుండా నేర్చుకునేది చాలా ఉంది. పెద్దల వార్డులో ముందు థర్మామీటరు తీస్తాము. ఇక్కడ ఆ వరుస తిరగబడుతుంది. బిడ్డ నిద్రలోనో, ప్రశాంతంగానో ఉన్నప్పుడు ముందుగా ఊపిరి, తర్వాత నాడి, అన్నిటికంటే చివర జ్వరం చూడాలి, ఎందుకంటే ఒకసారి ఏడుపు మొదలైతే ఊపిరి లెక్కకు అర్థం ఉండదు. బిడ్డ చొక్కా పైకి లేపమని తల్లికి చెప్పి, పొట్ట కదలికను పూర్తి ఒక నిమిషం లెక్కించండి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించవద్దు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, లేదా ఆపైన ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు. మన తల్లులు "డొక్కలు ఎగరేస్తున్నాడు" అంటారే, ఆ మాట విన్నప్పుడు లెక్క ఎంత వచ్చినా సరే, వెంటనే సిస్టరుకు చెప్పాలి. (వార్డులో ఉన్న పిల్లలందరికీ చూడకుండానే ఊపిరి 24 అని రాసే అలవాటు ఒకటి మన చార్టులలో ఉంది. దానిని దయచేసి వారసత్వంగా తీసుకోకండి.)

తల్లి చెప్పే మాటను జబ్బు గుర్తుల పట్టికలో ఒకటిగా లెక్క వేసుకోండి. ఒక తెల్లవారుజామున అయిదు నెలల బిడ్డ తల్లి నాతో, "జ్వరమేమీ లేదు సిస్టర్, కానీ వీడు ఎప్పట్లా లేడు, రొమ్ము పట్టి వదిలేస్తున్నాడు" అన్నది. చార్టులో అన్నీ మామూలుగానే ఉన్నాయి. నేను నిద్రమత్తు అనుకున్నాను, కానీ ఇన్‌ఛార్జి సిస్టర్ అలా అనుకోలేదు. గ్లూకోమీటరుతో చూస్తే షుగర్ పడిపోయి ఉంది. పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్, మగతగా ఉండటం అనే నాలుగు ప్రమాద సూచనలను ఐఎంఎన్‌సీఐ (పసిబిడ్డల, పిల్లల జబ్బులను గుర్తించి చూసుకునే పద్ధతి) పాఠంలో బట్టీ పట్టాను గానీ, మొదటి సూచన తల్లి నోట ఇలా మామూలు మాటగా వస్తుందని ఆ రోజే తెలిసింది.

ఇక లెక్కలు. పిల్లల వార్డులో అసలు భయపడవలసింది బిడ్డ ఎక్కడ జారిపోతాడో అని కాదు, మందు కొలత గురించే. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు చేయబోయిన తప్పు ఇది: ఎనిమిది కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్ 120 మిల్లీగ్రాములు రాశారు. సిరప్ అయితే 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి దాదాపు 5 మిల్లీలీటర్లు అని సరిగానే లెక్క వేశాను. అయితే ట్రేలో చేతికి అందింది డ్రాప్స్ సీసా, అందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇవ్వవలసింది 1.2 మిల్లీలీటర్లు, నేను సిరంజిలోకి తీసింది 5. అంటే నాలుగు రెట్లకు పైగా మందు. పక్కనే ఉన్న సిస్టర్ కేకలు వేయలేదు, సీసాను నా చేతిలో పెట్టి "చదువు" అన్నది. నేను చదువుతున్నంతసేపూ అలాగే నిలబడింది. అప్పటి నుంచి మోతాదును మిల్లీగ్రాములలో ఒకసారి, మిల్లీలీటర్లలో ఒకసారి కాగితం మీద రాయకుండా, సీసా పైనున్న మందు బలాన్ని (ఎన్ని మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములో) పైకి చదవకుండా నేను మందు తీయలేదు. మా విద్యార్థులను కూడా తీయనివ్వను. సెలైన్ విషయంలో మాత్రం ఒక సులువు ఉంది: మైక్రోడ్రిప్ సెట్టులో (సన్న చుక్కలుగా పడే సెలైన్ గొట్టం) 60 చుక్కలు ఒక మిల్లీలీటరు కాబట్టి, గంటకు ఎన్ని మిల్లీలీటర్లు పోవాలో నిమిషానికి అన్ని చుక్కలు. పది కిలోల బిడ్డకు రోజుకు 1000 మిల్లీలీటర్లంటే గంటకు సుమారు 42, చుక్కలూ 42.

ఇదే తప్పు ఇంట్లోనూ జరుగుతుంది, ఎందుకంటే చాలా ఇళ్లలో డ్రాప్స్, సిరప్ రెండూ ఉంటాయి, ఫిల్లరు (మందు కొలిచి తీసే చిన్న గొట్టం) పోతే మూతతో కొలుస్తారు. డిశ్చార్జి రోజున "అర్థమైందా అమ్మా?" అని అడిగితే అందరూ తల ఊపుతారు, ఆ ప్రశ్న వల్ల లాభం లేదు. ఫిల్లరు తల్లి చేతికిచ్చి, "మీరు ఇంట్లో ఎంత తీస్తారో నాకు చూపించండి" అనండి. ఆమె ఏ గీత దగ్గర ఆపుతుందో చూస్తే మీరు చెప్పింది ఎంత అందిందో తెలుస్తుంది.

కుటుంబంలో ఎవరితో మాట్లాడాలన్నది వేరే విద్య, అది పాఠంలో ఉండదు. విరేచనాలతో వచ్చిన రెండేళ్ల బాబు ఒకడు, పది కిలోలు, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి, దాహంతో అల్లాడుతున్నాడు. నాలుగు గంటలలో కిలోకు 75 చొప్పున 750 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్ పట్టాలి. నేను తల్లికి పావుగంట పాఠం చెప్పాను. ఆమె అన్నిటికీ సరేనన్నది, కానీ గ్లాసు కదలలేదు. మంచం అవతల కూర్చున్న అవ్వ "నీళ్లు పోస్తే ఇంకా పోతాయి పాపా" అని ఒక్క మాట అన్నది, అంతే. అప్పుడు సిస్టర్ వచ్చి, అవ్వ మాటను కొట్టిపారేయకుండా, "నువ్వన్నట్టు గడగడా పోస్తే కక్కేస్తాడు అవ్వా, నిజమే. నీ చేత్తో నిమిషానికో చెంచా పట్టు. కక్కితే పది నిమిషాలు ఆగి, మళ్లీ ఇంకా మెల్లగా పట్టు" అని చెంచా ఆమె చేతిలో పెట్టింది. సాయంత్రానికి పక్క మంచం వాళ్లకు ఎలా పట్టాలో అవ్వే చూపిస్తున్నది. కోడలికి చెప్పిన మాట అత్త ఒప్పుకోకపోతే ఇంట్లో చెల్లదని నేను ముందే గ్రహించవలసింది. తండ్రిని కూడా లోపలికి పిలిపించండి, అతను బయట బెంచీ మీద ఉంటాడు గానీ మళ్లీ ఆసుపత్రికి తీసుకురావాలా వద్దా అనేది చాలాసార్లు అతనే తేలుస్తాడు.

దిష్టితాడు, మొలతాడు, తాయెత్తు జోలికి వెళ్లవద్దు. క్యాన్యులాకు అడ్డం వస్తే తల్లినే మరో చేతికి మార్చమని అడగండి. సాంబ్రాణి పొగ మాత్రం ఆయాసం ఉన్న బిడ్డకు కీడు చేస్తుంది కాబట్టి దాని గురించి చెప్పక తప్పదు, అయితే అది కూడా అవ్వ ఎదుటనే, మెల్లగా చెప్పండి.

పిల్లలతో అబద్ధం ఆడకండి. "నొప్పి ఉండదు" అని సూది వేస్తే రెండో రోజు నుంచి తెల్లకోటు కనబడగానే వాడు మంచం కిందకు దూరతాడు. "చీమ కుట్టినట్టు ఉంటుంది, ఏడవచ్చు, చెయ్యి మాత్రం కదపకు" అనడం మేలు. నాలుగైదేళ్ల పిల్లలు తాము అల్లరి చేసినందుకే ఈ జబ్బు శిక్షగా వచ్చిందని నిజంగానే నమ్ముతారు. దానికి తోడు మన ఇళ్లలో "అన్నం తినకపోతే సిస్టరుతో సూది వేయిస్తా" అనే బెదిరింపు ఒకటి. ఆ మాట విన్నప్పుడు తల్లిని పక్కకు పిలిచి చెప్పండి, పిల్లవాడి ముందు తప్పు పట్టవద్దు. వీలైతే సూది పనిని మంచం దగ్గర కాకుండా ప్రొసీజర్ గదిలో చేయండి, మంచమైనా వాడికి భయం లేని చోటుగా మిగలాలి. పాలు తాగే బిడ్డకు టీకా వేస్తున్నప్పుడు తల్లిని రొమ్ము పట్టించమనండి, నొప్పి నిజంగానే తగ్గుతుంది, ఏడుపు త్వరగా ఆగుతుంది.

కేర్ ప్లాన్‌కు (ఒక రోగికి చేసే సేవల ప్రణాళిక రాసే పనికి) ఏ కేసు తీసుకోవాలని కూడా అడిగారు. అరుదైన జబ్బు కోసం వెతకవద్దు. కనీసం మూడు రోజులు ఉండే న్యుమోనియా బిడ్డనో, విరేచనాల బిడ్డనో తీసుకోండి, అప్పుడే మీరు చేసిన దాని ఫలితం రాయడానికి ఏదైనా ఉంటుంది. జేబులో చిన్న నోటుపుస్తకం, చేతికి సెకన్ల ముల్లు ఉన్న గడియారం పెట్టుకోండి. వార్డులో ఫోను తీసి సెకన్లు చూస్తుంటే తల్లి మీరు ఫోటో తీస్తున్నారనుకుంటుంది. మొదటి రోజు ఎవరినీ ముట్టుకోకుండా అయిదుగురు పిల్లల ఊపిరి లెక్కపెట్టి, వయసుతో సహా రాసుకుని మీ ట్యూటరుకు చూపించండి.