ఆర్డరు కంటే ముందు ఆరా
(వ్యాపారుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: అయ్యా, నమస్కారం. చీమకుర్తిలో నాకు చిన్న పాలిషింగ్ యూనిట్ ఉంది. గెలాక్సీ (బంగారు చుక్కల నల్ల గ్రానైట్) స్లాబులు ఎక్కువగా ఒంగోలు, చెన్నై ఏజెంట్ల ద్వారానే పోతాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి ‘నాన్నా, లింక్డ్‌ఇన్‌లో చేరు, విదేశాల వాళ్లు నేరుగా దొరుకుతారు’ అని ఒకటే పోరు. అది ఉద్యోగాలు వెతుక్కునే పిల్లల కోసం కదా? వాట్సాప్ గ్రూపులు ఉండనే ఉన్నాయి. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. పైగా ఏజెంట్లకు తెలిస్తే ఇప్పుడు ఎత్తే సరుకు కూడా ఎత్తరేమోనని టెన్షన్. 52 ఏళ్ల వయసులో నాకిది అవసరమా?
— ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: అవసరమే. కానీ మీ అబ్బాయి చెప్పిన కారణానికి కాదు.

నేను 24 ఏళ్లు ఒంగోలు–కర్నూలు రోడ్డు మీద స్లాబుల యూనిట్ నడిపాను. ఇప్పుడు మా పెద్దమ్మాయి చూసుకుంటోంది. 2011లో ఏజెంటు ద్వారా యూరప్ పార్టీ ఒకటి వచ్చింది. మొదటి కంటైనరుకు డబ్బు టంచనుగా పంపారు. ఆ నమ్మకంతో తర్వాతి మూడు కంటైనర్లు అప్పు మీద పంపాను. సరుకు వాళ్ల రేవుకు చేరాక ‘స్లాబుల్లో గీతలున్నాయి, సగం ధరకైతే తీసుకుంటాం’ అన్నారు. రాయి అక్కడ, నేనిక్కడ. రేవులో రోజురోజుకీ డెమరేజ్ (సరుకు రేవులోనే ఉండిపోయినందుకు కట్టే అద్దె) పెరిగిపోతోంది. వెనక్కి తెప్పించుకుందామంటే కిరాయి తడిసి మోపెడవుతుంది. సగానికే ఇచ్చేశాను. ఆ ఏడాదంతా మా ఆవిడ నగలు బ్యాంకులో తాకట్టులోనే ఉన్నాయి.

మూడేళ్ల తర్వాత అమ్మాయి బలవంతం మీద లింక్డ్‌ఇన్‌లో చేరాను. అక్కడ హోసూరు గ్రానైట్ వ్యాపారి ఒకాయన పరిచయమయ్యాడు. మాటల మధ్యలో ఆ పార్టీ పేరు వచ్చింది. ‘మమ్మల్నీ అలాగే ముంచారండీ, మీకంటే ఏడాది ముందే’ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నగలు తాకట్టు పెట్టాల్సి వచ్చిందని కాదు. ముందే ఆయన్ని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది, అడగడానికి అలాంటి మనిషి ఉన్నాడనే నాకు తెలియలేదు.

పిల్లనిచ్చే ముందు మనం ఎన్ని ఊళ్లలో ఆరా తీస్తాం! అప్పు మీద సరుకు పంపేటప్పుడూ అంతే ఆరా కావాలి. చీమకుర్తిలో ఎవరి చెక్కు చెల్లుతుందో టీ కొట్టు దగ్గరే తెలుస్తుంది. ఇటలీలోని వెరోనాలోనో చైనాలోని షియామెన్‌లోనో రాయి కొనేవాడి సంగతి ఆ టీ కొట్టుకు తెలియదు. వాట్సాప్ గ్రూపులో ఉండేది మనకు తెలిసినవాళ్లే. మనకు కావలసింది తెలియనివాళ్ల సంగతి తెలిసినవాళ్లు.

ఇప్పుడు మా యూనిట్‌కు ఎంక్వయిరీ రాగానే మా అమ్మాయి ముందు ఆ కంపెనీ పేజీ తెరుస్తుంది. అక్కడ పనిచేసేవాళ్లెవరు, వాళ్లలో మనకు తెలిసినవాళ్లతో పరిచయం ఉన్నవాళ్లెవరు, ఇవన్నీ కనబడతాయి. ప్రొఫైల్‌లో ‘అబౌట్ దిస్ ప్రొఫైల్’ అనేది నొక్కితే ఖాతా ఎప్పుడు తెరిచారో చూపిస్తుంది. ముప్పై ఏళ్ల వ్యాపారం అని చెప్పుకునేవాడి ఖాతా పోయిన నెలలో తెరిచిందైతే నేనైతే ఆగుతాను. తర్వాత ఆ పార్టీకి సరుకు పంపినవాళ్లను ముగ్గురిని అడుగుతుంది. ఇద్దరైనా జవాబిస్తారు. మోసపోయినవాడు ఇంకొకడు మోసపోకూడదనే కోరుకుంటాడు, ఇది నేను చాలాసార్లు చూశాను. ఒకసారి ‘ఆలస్యంగా ఇస్తాడు గానీ ఎగ్గొట్టడు’ అని తెలిసింది. ఎల్‌సీ (సరుకు పంపిన పత్రాలు చూపితే డబ్బు ఇస్తామని కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ) తెరిస్తేనే పంపుతామన్నాం, తెరిచాడు. అంతా బాగానే ఉందని తెలిసినా అప్పు మీద పంపాల్సి వస్తే ఈసీజీసీ బీమా తీసుకోండి. విదేశీ కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే నష్టం భరించడానికి 1957 నుంచీ ఉన్న ప్రభుత్వ సంస్థ అది.

ఆర్డర్లు రావా అంటే, వస్తాయి, కానీ నిదానంగా. మాకు మొదటి ఏడు నెలలు ఒక్కటీ రాలేదు. ఒకరోజు బెంగళూరు ఆర్కిటెక్ట్ ఒకాయన ‘నల్లరాయికి రంగేశారో లేదో ఎలా తెలుస్తుంది?’ అని లింక్డ్‌ఇన్‌లో అడిగాడు. తెల్లగుడ్డను అసిటోన్‌లో తడిపి రుద్దండి, గుడ్డకు నలుపు అంటితే రంగేసినట్టే అని రాశాను. మన యూనిట్లలో కుర్రాళ్లకు కూడా తెలిసిన విషయమే. నాలుగు నెలల తర్వాత ఆయనే ఒక ఆఫీసు ఫ్లోరింగ్ కోసం ఫోన్ చేశాడు. మీ చేతిలో ఉన్న విద్య అవతలివాడికి ఎంత అవసరమో మీకు తెలియడం లేదు. దానికి గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు. తెలుగులో చెప్పండి, మీ అబ్బాయి రాస్తాడు.

‘లీడింగ్ ఎక్స్‌పోర్టర్’ అని మాత్రం రాయకండి. మన రోడ్డు మీద ప్రతి బోర్డూ అదే అంటుంది. మీ స్లాబుల మందం 2 సెంటీమీటర్లా, 3 సెంటీమీటర్లా, నెలకు ఎన్ని కంటైనర్లు లోడ్ చేయగలరు, ఒకే బ్లాకు (రాతి దిమ్మె) నుంచి కోసిన స్లాబులకు వరుస నంబర్లు వేసి ఇస్తారా, ఇవి రాయండి. స్లాబు మీద నీళ్లు పోసి ఎండలో తీసిన వీడియో ఒకటి పెట్టండి. బంగారు చుక్క ఎంత సన్నమో, ఎంత సమంగా పడిందో కొనేవాడు అందులోనే చూసుకుంటాడు. రేట్లు పెట్టొద్దు.

ఇక ఏజెంట్ల సంగతి. వాళ్లు తెచ్చిన పార్టీని వెనక నుంచి నేరుగా పట్టుకోవద్దు. అది తప్పు. మీరు లింక్డ్‌ఇన్‌లో చేరుతున్నట్టు మీరే చెప్పండి. నేను చెప్పాను. నాతో తెంచుకున్నది ఒక్కరే.

ప్రశ్న: మేం ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేస్తాం. మా చెల్లెలు లింక్డ్‌ఇన్‌లో ఫొటోలు పెట్టింది. ఢిల్లీ నుంచి ఒకాయన 5,000 స్పూన్ల ఆర్డరు ఇస్తానని, ముందు వెండర్ రిజిస్ట్రేషన్‌కు 8,500 కట్టమని అంటున్నాడు. కట్టమంటారా?
— ఒక సోదరి, ఉదయగిరి

జవాబు: కట్టకండమ్మా. సరుకు కొనేవాడు మీకు అడ్వాన్సు ఇవ్వాలి గానీ మీ దగ్గర తీసుకోకూడదు. ఆయన జీఎస్టీ నంబరు అడగండి. జీఎస్టీ పోర్టల్‌లో అది కొడితే ఎవరి పేరు మీద ఉందో, ఇంకా నడుస్తోందో లేదో ఉచితంగానే తెలుస్తుంది. అక్కడ వచ్చిన పేరూ ఆయన చెప్పిన పేరూ ఒకటి కాకపోతే మాటలు ఆపేయండి. నంబరు సరిగ్గా ఉన్నా సరే, ఫీజు మాత్రం కట్టొద్దు.

మీ చెల్లెలు చేసింది మంచి పని. ఆపించకండి. ఉదయగిరి చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ మాట ఫొటోల కింద రాయమనండి. తయారైన గరిటెలతో పాటు మీరు పక్కన కూర్చుని చెక్కుతున్న ఫొటో కూడా పెట్టమనండి.

ఈ జవాబు మీకు చేరేలోపు డబ్బు కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆయన పంపిన మెసేజ్‌లు తీసేయకండి, అవి కావాలి.