వెర్నియర్ చూపినదే రాయించు

అమ్మడూ,

మీ కాలేజీలో మూలన పడి ఉన్న, కాంతిలోని రంగు గీతల కోణాలు కొలిచే స్పెక్ట్రోమీటరును దులిపించి, డిగ్రీ పిల్లల చేత హైడ్రోజన్ వర్ణపటం చేయించబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పొంగిపోయాను, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. హైడ్రోజన్ వాయువును వెలిగించే ఆ డిశ్చార్జి ట్యూబుకు వెళ్లేది ఇంటి కరెంటు కాదు, వేల వోల్టులు. ట్యూబు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకి పక్కన పెట్టు. పెదనాన్నకు చాదస్తమని నవ్వుకో, పరవాలేదు. ప్లగ్గు మాత్రం పీకు.

టెలిస్కోపు, కాలిమేటరు, రసమట్టం సంగతి నీకు తెలిసిందే. గ్రేటింగును, అదే, సన్నని గీతలు దగ్గరదగ్గరగా గీసిన ఆ పలకను, అంచులు పట్టుకునే ఎత్తనివ్వు.

ఇక అసలు విషయం. మా ల్యాబులో ఒక హుషారైన కుర్రాడు ఉండేవాడు. అంగుళానికి 15,000 గీతల గ్రేటింగును కంటి అంచనాతో నిలబెట్టి, సూటిగా వచ్చే కాంతికి ఒక్క వైపే చూసి, ఎర్ర గీతకు 22 డిగ్రీల 29 నిమిషాలని రాశాడు. లెక్క కడితే తరంగదైర్ఘ్యం 647.6 నానోమీటర్లు వచ్చింది. పుస్తకంలో 656.3 ఉంది. రబ్బరు తీసి కోణాన్ని 22 డిగ్రీల 48 నిమిషాలుగా దిద్దేశాడు. పైగా మార్కులు పూర్తిగా పడ్డాయి! రికార్డులో ఆ చెరుపు నా కంట పడి, మర్నాడు కూర్చోబెట్టి రెండో వైపు చూడమన్నాను. 23 డిగ్రీల 21 నిమిషాలు. వాడి ముఖం పాలిపోయింది. కోణం చూపే ఆ వెర్నియర్ కొలబద్ద అబద్ధమాడలేదు, గ్రేటింగు దాదాపు 5 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంది, అంతే. కాంతి ఏటవాలుగా పడితే, గ్రేటింగును చేరేలోపే పక్కపక్క సందుల్లోకి వెళ్లే తరంగాల మధ్య దారి తేడా వచ్చేస్తుంది. కాంతి తరంగమనడానికి అంతకంటే మంచి పాఠం వాడికి ఏ లెక్చరరూ చెప్పలేదు. దాన్నే రబ్బరుతో చెరిపేశాడు, వెధవ! తర్వాత టెలిస్కోపును 90 డిగ్రీలు తిప్పి, గ్రేటింగు మీద పరావర్తనమైన కాలిమేటరు చీలిక బొమ్మను టెలిస్కోపులోని అడ్డగీతల మీదికి తెచ్చి, అక్కడి నుంచి బల్లను 45 డిగ్రీలు తిప్పాం. రెండు వైపులా 22 డిగ్రీల 48 నిమిషాలే వచ్చాయి. వాడు పెట్టిన కేక వరండా దాకా వినిపించింది. తెలివైనవాడు, పాపం. మార్కుల భయమే వాడి చేత ఆ పని చేయించింది.

కాబట్టి నీ పిల్లలకు హైడ్రోజన్ గీతల తరంగదైర్ఘ్యాలు 656.3, 486.1, 434.0 ముందే చెప్పకు. బాల్మర్ ఒక బడిపంతులు. 1885లో, అరవై ఏళ్ల వయసులో, ఇతరులు కొలిచిన నాలుగు హైడ్రోజన్ గీతల నుంచే వాటి తరంగదైర్ఘ్యాల సూత్రం పట్టాడు. పరమాణువు లోపల ఏముందో అప్పటికి ఎవరికీ తెలియదు, కారణం చెప్పడానికి 1913లో భౌతిక శాస్త్రవేత్త బోర్ రావలసి వచ్చింది. స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ ఆ గీతలను అంత నిక్కచ్చిగా కొలవకపోతే బాల్మర్‌కు ఏం దొరికేది?

ఊదా గీత మసకగా ఉంటుంది, గది చీకటి చెయ్యి. ఎరుపు దగ్గర సన్నగా మరికొన్ని గీతలు కనిపిస్తే కంగారు పడకు, అవి హైడ్రోజన్ అణువులవి, మనకు కావలసింది పరమాణువు. ట్యూబును అదేపనిగా వెలిగించి ఉంచకు, వేడెక్కి పాడవుతుంది.

మొదటి బ్యాచ్ రీడింగులు, రెండు వైపులవీ, దిద్దకుండా నాకు పంపు. వోల్టుల సంగతి మీ అమ్మకు చెప్పకు, కాలేజీకే వచ్చి కూర్చుంటుంది.

మీ పెదనాన్న