ఆ చెట్టు ఎండిపోలేదమ్మా

ప్రశ్న: మేడమ్, పోయిన వానాకాలంలో పాత ఇల్లున్న స్థలం కొన్నాం. వెనక మూలన ఓ పెద్ద చెట్టుంది. నేనూ మావారూ చెరోవైపు నిలబడి కౌగిలించుకుంటే వేళ్ళ కొసలు మాత్రం కలుస్తాయి, అంత లావు. అమ్మినవాళ్ళకు దాని పేరు తెలియదు. పక్కింటివాళ్ళు కానుగ అన్నారు. ఇల్లు బాగుచేస్తున్న మేస్త్రి రావి జాతి అన్నాడు. చలికాలం చివర ఒక్క ఆకు మిగలకుండా రాలిపోయింది. ‘ఎండిపోయింది, ఇంటి మీద పడకముందే కొట్టించేయండి’ అని అందరూ అంటున్నారు. ఇప్పుడేమో ఆకుల్లేని కొమ్మలకు లేతపచ్చటి పల్చని బిళ్ళలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఆకులున్నప్పుడు ఒకటి నలిపి చూస్తే కంపు. మా అబ్బాయికి నెల నుంచి ఒకటే తుమ్ములు. మావారు రంపం మనిషితో మాట్లాడేశారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఒక బిళ్ళ, రెండు ఎండుటాకులు కవర్లో పెట్టి పంపుతున్నాను. ఏం చెట్టిది? ఉంచాలా, తీసేయాలా?

– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ రంపం మనిషిని రావద్దని చెప్పండమ్మా. మీ చెట్టు బతికే ఉంది. దాని పేరు నెమలినార. కొన్నిచోట్ల తపసి అని, నాలి అని కూడా అంటారు.

మీరు పంపిన బిళ్ళను కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూశాను. అంగుళం వెడల్పు. ఉల్లిపొరంత పల్చన. నిండా వల అల్లినట్టు సన్నని ఈనెలు, నడిమధ్యన చదునుగా ఒకే గింజ. పై అంచున చిన్న నొక్కు, ఆ నొక్కులో మీసాల్లా రెండు కొసలు. పువ్వుగా ఉన్నప్పుడు పుప్పొడిని అందుకున్న కొసలు, అంటే కీలాలు అవి, కాయ అయ్యాక కూడా రాలకుండా ఉండిపోయాయి. ఇలాంటి కాయ కానుగకు గానీ రావికి గానీ కాయదు. ఈ చెట్టు ఆకంతా రాల్చుకున్నాకే పూస్తుంది, మోడు కొమ్మల మీదే కాస్తుంది. దాని పూలకు పుప్పొడి చేర్చేది గాలి. ఆకుల అడ్డు లేకపోతే ఆ పని సులువు. మీవాళ్ళు చావనుకున్నది పూతకాలం.

అనుమానం తీరకపోతే చేతికందే రెమ్మను గోటితో కాస్త గీకండి. పైపొర కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

పక్కింటివాళ్ళు కానుగ అనడంలో వింతేమీ లేదు. విడిగా ఒక్కో ఆకు పట్టుకుని చూస్తే రెండూ దగ్గరగానే ఉంటాయి. తేడా ఆకు కొమ్మకు అతికే చోట తెలుస్తుంది. కానుగలో మనం ఆకు అనుకునేది నిజానికి ఆకులో ఒక ముక్క. ఒకే కాడకు ఎదురెదురుగా రెండేసి ముక్కలు, కొసన ఒంటరిగా ఇంకొకటి, మొత్తం ఐదో ఏడో ఉంటాయి. అవన్నీ కలిస్తే ఒక ఆకు. అదెలా తెలుస్తుందంటే, ముక్కల మొదట్లో మొగ్గ ఉండదు. కాడ కొమ్మకు అతికిన మూలలోనే ఉంటుంది. నెమలినారలో అలా కాదు, ప్రతి ఆకు తొడిమ మూలలోనూ చిన్న మొగ్గ కనిపిస్తుంది. పేరు తెలియని ఏ చెట్టు దగ్గరికెళ్ళినా నేను మొదట వెతికేది ఆ మొగ్గనే. మేస్త్రి మాట తేల్చడం ఇంకా తేలిక. రావి ఆకు తుంచితే పాలు కారతాయి, ఆకు కొసన పొడుగాటి తోక ఉంటుంది. మీ చెట్టుకు రెండూ లేవు. ఇక కంపంటారా, అదీ నెమలినార గుర్తే. బెరడు చెక్కినా అదే వాసన.

కొట్టొద్దని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే తప్పు మేం చేశాం. మేం ఇల్లు కొన్నప్పుడు వాకిట్లో ఇలాగే ఆకు లేని చెట్టు ఉంటే, చచ్చిపోయిందన్నారని కొట్టించాం. రంపప్పొట్టు చేతిలోకి తీసుకుంటే తడిగా అంటుకుంది. అప్పుడైనా ఆపమనాల్సింది, నోరు రాలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. కొన్ని వారాలకు మొద్దు చుట్టూ చిగుళ్ళు లేచాయి. ఆ ఆకుల అంచులు రంపపు పళ్ళలా ఉన్నాయి. ఆ పళ్ళు పట్టుకుని పుస్తకాలన్నీ తిరగేశాను, పేరు దొరకలేదు. ఈ చెట్టు శాస్త్రీయ నామం హోలోప్టీలియా ఇంటెగ్రిఫోలియా. ఇంటెగ్రిఫోలియా అంటే అంచు చీలని ఆకు అని అర్థం. సామర్లకోటలో పనిచేసి కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ పెట్టిన మాట అది. ముదురు చెట్టుకు సరిగ్గా సరిపోతుంది. కానీ మొలకలకూ, నరికిన మొద్దు నుంచి వచ్చే చిగుళ్ళకూ అంచున పళ్ళుంటాయి. ఆ సంగతి తెలిసేసరికి నాకు ఏడాది పట్టింది. ఆ చిగుళ్ళలో బలమైనదాన్ని ఉంచి మిగతావి తీసేశాను. ఇప్పుడది మా మిద్దె దాటింది, ఆకుల అంచులూ నున్నబడ్డాయి.

అబ్బాయి తుమ్ముల సంగతి తేలిగ్గా తీసుకోకండి. నెమలినార పుప్పొడి చాలామందికి పడదు, అలర్జీ తెచ్చే పుప్పొళ్ళలో దీనికి పేరుంది. తుమ్ములు పూతతో పాటే మొదలైనట్టున్నాయి కాబట్టి ఈ మాట డాక్టరుకు చెప్పి చూపించండి. బిళ్ళలు దిగాయంటే ఈ ఏటికి పూత అయిపోయినట్టే. మళ్ళీ పూసే వారాల్లో ఆ వైపు కిటికీలు మూసి ఉంచండి, బట్టలు చెట్టు దగ్గర ఆరేయకండి. గాలికి కొట్టుకొచ్చే పుప్పొడి కనుక, చుట్టుపక్కల ఇంకో నెమలినార ఉంటే మీ ఒక్క చెట్టు తీసేసినా తుమ్ములు పోవు.

ఇంటి మీద పడుతుందన్న భయానికి మాత్రం చెట్టును దగ్గరగా చూడాలి. మొదట్లో బెరడుకు అంటుకుని గట్టి పుట్టగొడుగులు అరల్లా లేచాయా? కొయ్యతో తడితే బోలు చప్పుడు వస్తోందా? వేళ్ళ దగ్గర నేల కొత్తగా బీటలిచ్చిందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చెట్ల పని తెలిసిన మనిషిని పిలిపించండి. కప్పు మీదికి వాలిన కొమ్మ ఉంటే దాన్ని మాత్రం తీయించండి చాలు. నాకు అసలు భయం మీ మేస్త్రి పని వల్ల. చెట్టు వేళ్ళలో ఎక్కువ భాగం పైన రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పాకి ఉంటాయి. చెట్టు కింద ఇటుక ముక్కలు, మట్టి కుప్పలు పోయడం, సిమెంటు కలపడం, మొదలు చుట్టూ గచ్చు చేయించడం వద్దని ఈరోజే చెప్పండి.

బిళ్ళలు ఎండి గాలికి ఎగిరిపోతాయి. కొన్ని అక్కడే పడి, వానలు మొదలయ్యాక మొలుస్తాయి. ఒక మొలక ఆకు అంచు మీద వేలితో రాసి చూడండి. పళ్ళు తగిలాయో లేదో నాకు రాయండి.