పడిన రాయిని పారేయకండి, ల్యాబ్‌కి ఇవ్వండి

మూత్రంలో రాయి పడిపోయింది, నొప్పి తగ్గింది, ఇంకా దానికి పరీక్ష ఎందుకు, డబ్బు దండగ కదా అని ఒకరు అడిగారు. దండగ కాదండి, తప్పకుండా చేయించండి.

మా నాన్నగారికి మొదటిసారి రాయి వచ్చినప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట: టమాటా, పాలకూర మానేయండి. పాపం, ఏళ్ల తరబడి వాటి జోలికి వెళ్లలేదాయన. అయినా మళ్లీ వచ్చింది. ఈసారి డాక్టరుగారు మూత్రాన్ని టీ జల్లెడలో వడకట్టి రాయిని పట్టుకోమన్నారు. దొరికింది కందిగింజలో సగం కూడా లేదు, ఇటుకపొడి రంగు. రిపోర్టులో యూరిక్ యాసిడ్ అని వచ్చింది. అన్నాళ్లూ ఆయన నోరు కట్టుకున్నది దేనికో చూడండి!

మూత్రం ఆమ్లంగా, అంటే పీహెచ్ 5.5 కన్నా తక్కువగా ఉంటే ఈ రాయి కడుతుంది. షుగరు, ఊబకాయం ఉన్నవాళ్లకీ, మాంసం బాగా తినేవాళ్లకీ ఎక్కువ. మామూలు ఎక్స్‌రేలో కనబడదు, సీటీలో తెలుస్తుంది. కానీ మందుతో కరిగే రాయి ఇది. నాన్నగారికి మూత్రంలో ఆమ్లం తగ్గించే పొటాషియం సిట్రేట్ సిరప్ రాశారు. పీహెచ్ పట్టీ ముంచి రంగు ఆయనే చూసుకుంటారు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకి పొటాషియం ప్రమాదం, కాబట్టి ఆ సిరప్ సొంతంగా కొని తాగకండి.

ఎక్కువమందికి వచ్చేది కాల్షియం ఆక్సలేట్. పాలకూరలో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ, అందుకే అది తగ్గించమనేది వీళ్లకి. టమాటాలో ఆక్సలేట్ తక్కువే. కాల్షియం అన్నారని పాలు, పెరుగు మాత్రం మానొద్దు. తిండిలోని ఆక్సలేట్‌ను పేగులోనే పట్టుకుని బయటికి పంపేది ఆ కాల్షియమే. స్ట్రువైట్ అనే ఇంకో రకం రాయి మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది, ముక్క మిగిలినా మళ్లీ పెరుగుతుంది. సిస్టీన్ రకం రాయి అరుదు, వంశపారంపర్యం.

రాయిని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, చిన్న డబ్బాలో వేసి ఇవ్వండి. ఫార్మలిన్‌లో (ల్యాబుల్లో నమూనాలు నిల్వ ఉంచే ద్రవం) వేయొద్దు, టేపు అంటించొద్దు, ఆ జిగురు కూడా ఫలితంలో కలుస్తుంది. ఎఫ్‌టీఐఆర్ పద్ధతిలో చేస్తారా అని ముందే అడగండి. రాయిని పొడి చేసి, పరారుణ కాంతిని ఎలా పీల్చుకుంటుందో చూసి ఏ పదార్థం ఎంత శాతమో చెబుతారు. పాత రసాయన పద్ధతిలో కాల్షియం ఉంది, ఫాస్ఫేట్ ఉంది అని మాత్రమే వస్తుంది, తక్కువ పాళ్లలో ఉన్నవి తప్పిపోతాయి కూడా. రిపోర్టు వచ్చాక యూరాలజిస్టుకి చూపించి, 24 గంటల మూత్ర పరీక్ష కూడా అవసరమా అని అడగండి.