డాక్టర్ సలహా: నడుము సంగతి తర్వాత, ముందు కిడ్నీలు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 44. మాది జగిత్యాల జిల్లా. ఆరేళ్లుగా సౌదీలో ట్రైలర్ నడుపుతున్నాను. దమ్మామ్ పోర్టులో కంటైనర్ ఎత్తుకుని రియాద్‌కు, ఒక్కోసారి జెద్దా దాకా వెళ్తాను. రెండేళ్లుగా నడుము నొప్పి. ఎసిక్లోఫెనాక్-పారాసెటమాల్ మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటేనే సీట్లో కూర్చోగలుగుతున్నా. మాటిమాటికీ బండి ఆపకుండా నీళ్లు తక్కువ తాగుతాను. ఈమధ్య సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయి, మూత్రంలో నురగ వస్తోంది. కిందటి మెడికల్‌లో బీపీ 150/100 ఉందన్నారు, మందులేమీ వాడలేదు. వచ్చే నెల మా బావమరిది వస్తున్నాడు. ఇంకా పవర్ ఉన్న మాత్ర పేరు చెబితే మూడు నెలలకు తెప్పించుకుంటా. నడుముకు బెల్టు పెట్టుకోవచ్చా?

జవాబు: పవర్ ఉన్న మాత్ర పేరు చెప్పను. ఇప్పుడు వేసుకుంటున్నది కూడా ఈ రోజు నుంచే ఆపేయండి.

పాదాల వాపు, నురగ, బీపీ గురించి మీరు మాటవరసకు చెప్పి వదిలేశారు. నన్ను కంగారు పెట్టింది ఆ మూడే. ఉత్తరం చదివి జబ్బు ఇదీ అని తేల్చలేను. గంటల తరబడి కాళ్లు కిందికి పెట్టి కూర్చున్నా పాదాలు ఉబ్బుతాయి. నొప్పి మాత్రల వల్ల కూడా వాపు వస్తుంది, బీపీ పెరుగుతుంది. కానీ మూత్రంలో నురగ కూడా తోడైందంటే ప్రొటీన్ పోతోందేమోనని అనుమానించాల్సిందే. షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. అదీ చూడాలి.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కిడ్నీలోని రక్తనాళాలను తెరిచి ఉంచి దానికి రక్తం అందేలా చూస్తాయి. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వాటినే అడ్డుకుంటాయి. ఎండాకాలం ఆ దారిలో వేడి 45 డిగ్రీలు దాటుతుంది. క్యాబిన్‌లో ఏసీ ఉన్నా, పోర్టు దగ్గర దిగి లాకులు వేసేటప్పుడు, టైర్లు చూసుకునేటప్పుడు కారే చెమట తక్కువేమీ కాదు. పైగా నీళ్లు తాగరు, మాత్ర మాత్రం తప్పదు. కిడ్నీకి ఇంతకంటే ఇబ్బంది ఏముంటుంది?

ఈ వారంలోనే బీపీ చూపించుకుని సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, షుగర్, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల షుగర్ సగటు) చేయించండి. అవసరమైతే అక్కడి డాక్టర్ స్కానింగ్ రాస్తారు. అక్కడి చాలా ల్యాబుల్లో క్రియాటినిన్‌ను మైక్రోమోల్స్‌లో ఇస్తారు. రిపోర్టులో 95 అని చూసి ఇంట్లోవాళ్లు హడలిపోకుండా ముందే చెప్పండి. 88తో భాగిస్తే మన దగ్గర మిల్లీగ్రాముల్లో ఇచ్చే లెక్క వస్తుంది, అంటే 1.1 దాకా. క్రియాటినిన్ నార్మల్ వచ్చినా ధీమా వద్దు, కిడ్నీ పని సగం దాకా తగ్గాక గానీ అది పెరగని సందర్భాలుంటాయి. అందుకే మూత్ర పరీక్ష మానొద్దంటున్నా. సెలవుకు ఊరొచ్చినప్పుడు చూపించుకుందాం అనుకోకండి. ఇఖామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్)తో పాటు ఇన్సూరెన్స్ ఉంటుంది కదా, దాని వివరాలు కంపెనీలో అడిగి తెలుసుకోండి. ఎక్కడ చూపించుకోవాలో తెలియకపోతే సౌదీ ఆరోగ్య శాఖ నంబర్ 937కు ఫోన్ చేయొచ్చు.

ఊరి నుంచి మాత్రలు తెప్పించుకోవడం గురించి కాస్త గట్టిగానే చెబుతాను. గల్ఫ్ నుంచి వచ్చే ఉత్తరాల్లో ఈ అలవాటు తరచూ కనిపిస్తుంది. పక్క రూమ్ అతనికి పనిచేసింది కాబట్టి మనకూ పనిచేస్తుందనుకుంటారు. మన దగ్గర 'పవర్' మాత్రలని ఇచ్చేవాటిలో కొన్నింట్లో ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు ఉంటుంది. సౌదీలో అది నియంత్రణలో ఉన్న మందు. తగిన అనుమతి లేకుండా బ్యాగులో దొరికితే పోలీసు కేసవుతుంది, ఇరుక్కునేది తెచ్చే మీ బావమరిది. అదీగాక దాంతో మగత వస్తుంది. అంత బరువున్న బండి స్టీరింగ్ పట్టుకునే మనిషి వేసుకోవాల్సింది కాదది.

నీళ్ల విషయంలో, బండి ఆపాల్సి వస్తుందని నోరు కట్టుకోవడం మానండి. అయితే వాపు ఉంది కాబట్టి రోజుకు ఎన్ని లీటర్లన్నది రిపోర్టులు చూసిన డాక్టరే చెప్పాలి. దాహానికి ఎనర్జీ డ్రింకులు వద్దు.

మూత్రం బాగా తగ్గినా, ముఖం ఉబ్బినా, ఆయాసం వచ్చినా, ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెట్టినా డ్యూటీ పక్కన పెట్టి ఎమర్జెన్సీకి వెళ్లండి. అంబులెన్స్ నంబర్ 997. నడుము నొప్పితో పాటు పాదం పట్టు తప్పినా, మలమూత్రాల దగ్గర తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, ఆపుకోలేకపోయినా అదే మాట.

ఇక నడుము. డాక్టర్‌కు చూపించుకునే దాకా నొప్పి భరించలేకపోతే, లివర్ జబ్బు, మద్యం అలవాటు లేకుంటే, ఉత్త పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములది ఆరు గంటల ఎడంతో ఒకటి వేసుకోవచ్చు, రోజుకు నాలుగుకు మించొద్దు. పాత మాత్రలోనూ పారాసెటమాల్ ఉంది, రెండూ కలపొద్దు. బెల్టు బరువులెత్తేటప్పుడు కాసేపు పెట్టుకోండి, రోజంతా వద్దు. సీటును ముందుకు జరిపి, పెడల్ తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా చూసుకోండి. రెండు గంటలకోసారి దిగి ఐదు నిమిషాలు నడవండి. మూత్రానికీ అప్పుడే వెళ్లొచ్చు.